కోయిల్ అంటే ఏ కోయిల్?

“ఇంకొకసారి పెట్టండి స్వామీ,” అంది జయంతి.

పద్మనాభ్ ఫోను మీద ఆ చిన్న గుర్తు కోసం రెండుసార్లు తడిమి, మూడోసారి నొక్కాడు. ముందు గాలి హోరు. ఆ హోరు వెనక అతని కూతురు రంగప్రియ గొంతు తెగి తెగి వినబడింది.

“అమ్మా... కోయిల్లోనే ఉండాను... సిగ్నలు లేదు... తల్లి మారిపోయింది... నాయనకు చెప్పు... నేను మాట్లాడి వస్తా.”

అంతే. మంగళవారం తెల్లవారే వేళకు, తిరుపతిలో తల్లి వరదమ్మ ముందురోజు నుంచి ఆపేసి ఉంచిన ఫోను తెరవగానే ఆ మాటలు వచ్చి చేరాయి. ఆ తరువాత రంగప్రియ ఫోను మోగలేదు. ఇవాళ గురువారం.

పద్మనాభ్ గుడి ట్రస్టు ఆఫీసులో పనిచేస్తాడు. రెండు రోజులు శ్రీరంగంలో వెతికి, పొద్దున్నే బస్సు దిగి, నేరుగా జయంతి దగ్గరకు మనిషిని పంపాడు. నుదుటి మీద తిరునామం సగం చెరిగిపోయి ఉంది. దిద్దుకోవాలన్న ధ్యాస కూడా లేదు. జయంతి ఒకప్పుడు సబ్ ఇన్‌స్పెక్టరు. ఆ ఉద్యోగం వదులుకొని, తప్పిపోయినవాళ్ళను వెతికే పని పెట్టుకుంది. వెతికించేవాళ్ళ ముఖాలు ఆమెకు అలవాటే. అయినా అలవాటు కావు.

“శ్రీరంగమని పోలీసులకు ఎవరు చెప్పినారు?”

“నేనే. చెప్పేదేముంది? కోయిల్లో ఉండానని బిడ్డే చెప్పె కదా.”

“కోయిల్ అంటే గుడి. ఏ గుడైనా కావచ్చు.”

“మా ఇండ్లలో కాదమ్మా.” పద్మనాభ్ గొంతులో పట్టుదల ఉంది. మునిగిపోయేవాడు గడ్డిపోచను పట్టుకున్న పట్టుదల. “తిరుమల అంటే ఒకటే తిరుమల. కోయిల్ అంటే ఒకటే కోయిల్. శ్రీరంగం. మా తాతల నాటి నుంచి అంతే. వీధిలో గుడిని మేము కోయిల్ అనం. తడ సీఐ బాలచంద్ర కూడా సరేనన్నాడు. పాపం, ఆయనే స్వయంగా వచ్చినాడు. ప్రతి లాడ్జిలో ఆయనే దిగి అడిగినాడు. మంచి మనిషి.”

“తల్లి మారిపోయింది అంటే?”

వంటింటి గడప మీద కూర్చున్న వరదమ్మ తల ఎత్తలేదు. “నన్నే. ఆదివారం ఫోనులో తిట్టినాను. పరాయివాళ్ళ గుళ్ళు కొలుచుకుంటా ఆ దీవిలో ఎన్నాళ్ళుంటావే, ఇంక రావద్దులే అన్నాను.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “రావద్దులే అన్నాను తల్లీ.”

జయంతి పద్మనాభ్ వైపు తిరిగింది. అటువంటప్పుడు చెప్పే ఓదార్పు మాటలు వినేవాళ్ళకు ఎంత బరువో ఆమెకు తెలుసు.

“ఏ దీవి?”

పద్మనాభ్ చెప్పాడు. తడ దాటి, పులికాట్ సరస్సులో తెప్పలదీవి. ఒకప్పుడు పోర్చుగీసు పరంగివాళ్ళ ఓడలు నిలిచిన పట్నం. ఓడలు పోయాయి, పట్నం పోయింది. చేపలవాళ్ళ ఇళ్ళు, మూడు పాత చర్చిలు మిగిలాయి. రంగప్రియ పాత కట్టడాల మీద పై చదువు చదువుతోంది. గోడ గోడా కొలిచి, కిటికీ కిటికీకీ అంకె వేసి, బొమ్మ గీయడం ఆమె పని. రెండు చర్చిలు అయ్యాయి, మూడోది సాగుతోంది. చర్చి కాపరి రాజారత్నం ఇంట్లోనే బస. సోమవారం రాత్రి పడవలో వెళ్ళిపోయిందని ఆ రాజారత్నమే పోలీసులకు చెప్పాడు.

“ఫోను చివర యాడ పలికింది?”

“తడ టవరన్నారు. మద్రాసు దారే కదా. ఆడి నుంచి శ్రీరంగం బస్సు ఎక్కుంటుందని...”

“తడ టవరు రోడ్డుకూ పలుకుతుంది, సరస్సుకూ పలుకుతుంది స్వామీ.” జయంతి లేచి నిలబడింది. “ఆ దీవిలోవాళ్ళు ఏం భాష మాట్లాడతారు?”

“తెలుగే. సగం అరవం కలిపి.”

“మాది సత్యవేడు పక్క పల్లె. మా ఊళ్ళో కిరస్తానీవాళ్ళు చర్చి అనరు. పెండ్లి యాడంటే కోయిల్లో అంటారు. మాతా కోయిల్. మీ పాప ఆ దీవిలో ఎన్నాళ్ళుగా ఉండాది?”

పద్మనాభ్ ఫోను వంక చూశాడు. లోపల ఏదో ఒక్కొక్క మెట్టే కూలుతున్నట్టు అతని ముఖం మారింది.

“బిడ్డ ఈడ ఉంటే,” అన్నాడు చివరికి, “నేను ఆడ, చత్రం చత్రం తిరిగి... ఆ మాట నేనే చెప్పినానమ్మా. పోలీసులకు నేనే చెప్పినాను.”

“చెప్పులు వేసుకోండి. పోతా పోతా ఏడుద్దురు.”

*

నాయుడుపేట దగ్గర లారీలు అడ్డం పడి అరగంట పోయింది. తడ నుంచి సరస్సు ఒడ్డుకు చేరేసరికి పన్నెండు దాటింది. రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి.

“ఇయ్యాళ దీవికి పడవలు లేవుమా,” అన్నాడు ఏకాంబరం అనే పడవవాడు. “పాత మాతా కోయిల్ పడగొడతా ఉండారు. రెండు గంటలకు మొదులు. జనం గలాటా చేస్తారని పోలీసోళ్ళు ఆపేసినారు.”

మాతా కోయిల్ అన్న మాట వినగానే పద్మనాభ్ జయంతి చెయ్యి పట్టుకున్నాడు. ఆడమనిషి చెయ్యి ముట్టుకున్నానన్న స్పృహ కూడా అతనికి లేదు.

“వెనకపక్క దింపు,” అంది జయంతి. “మేము వచ్చినట్టు ఎవరికీ చెప్పనక్కర్లేదు.”

“దింపుతా. ఆడనే తుంగ చాటున ఉంటా. మీరు రాకపోతే నేను మిమ్మల్ని సూడనేలేదు, సరేనా?”

జయంతి సరేనంది.

దీవి వెనకనుంచి ఇసుకలో నడిచి చర్చి ముందుకు వచ్చేసరికి, అక్కడ తాడు కట్టి ఉంది. తాడుకు అవతల దూరంగా, రేవు దగ్గర, ఊరి జనాన్ని నలుగురు కానిస్టేబుళ్ళు ఆపి ఉంచారు. తాడుకు ఇవతల ఒక పసుప్పచ్చ జేసీబీ, దాని నీడలో వక్కాకు నములుతున్న కాంట్రాక్టరు గురప్ప, కుర్చీలో సీఐ బాలచంద్ర. పాత చర్చిని కూల్చే పనీ, కొత్తది కట్టే పనీ గురప్పవే.

“ఓహో, డిటెక్టివ్ అమ్మగారు!” బాలచంద్ర కుర్చీలోంచి లేవలేదు. “ఏం తప్పిపోయింది జయంతీ? ఎవరి కుక్కన్నా? ఎవరి మొగుడన్నా?”

“నువ్వు శ్రీరంగం పోయి పులిహోర తిని వచ్చినావంట. నా వంతు తెచ్చినావా?”

గురప్ప నవ్వబోయి, బాలచంద్ర ముఖం చూసి మానుకున్నాడు.

ఇద్దరూ ఒకే ఏడు శిక్షణ పొందినవాళ్ళు. ఆమె రాజీనామా ఇచ్చిన రోజు, “ఆడోళ్ళకు ఓపిక తక్కువ” అని స్టేషన్లో అందరూ వినేటట్టు అన్నది అతనే. ఆమె మరిచిపోలేదు.

“ఈ పనెవరు ఆపమన్నా ఆపను,” అన్నాడు బాలచంద్ర. “కట్టడం ప్రమాదంగా ఉండాదని ఆర్డరు వచ్చింది. రెండు గంటలకు మొదులు. ఎల్లిపో.”

“లోపల మనిషుంటే?”

“ఎవరు?”

జయంతి చెప్పింది. కోయిల్ అనే మాటకు తిరుపతిలో ఒక అర్థం, ఈ దీవిలో ఇంకొకటి అని చెప్పింది. ఆ పిల్ల ఉన్నది శ్రీరంగంలో కాదు, ఈ గోడల మధ్యే ఉండాలని చెప్పింది. చెబుతున్నంతసేపూ బాలచంద్ర ఎగతాళి చేస్తాడనీ, పొమ్మంటాడనీ ఎదురుచూసింది. అతను చేయలేదు. పద్మనాభ్ వంక, చర్చి వంక, మళ్ళీ పద్మనాభ్ వంక చూశాడు.

“ఇంత చిన్న మాట నాకు తట్టలేదు చూడు,” అన్నాడు మెల్లగా. కుర్చీలోంచి లేచాడు. “ఒంటిగంటైంది. రెండుదాకా టైముండాది. పా, నేనూ వస్తా. ఇన్నాళ్ళ బందోబస్తులో నేను ఈ కోయిల్లో అడుగు పెట్టిందే లేదు. బూట్లు విప్పమంటారని బద్ధకం.”

“విప్పుతావా ఇప్పుడు?”

“నీ కోసం విప్పుతా.”

ఇంత సులభంగా ఒప్పుకున్నందుకు జయంతికి ఆశ్చర్యం వేసింది. తండ్రి ముఖం చూసి కరిగి ఉంటాడు అనుకుంది. మనుషులు మారరని అనుకోవడం కూడా ఒక గర్వమే కదా.

*

తలుపు ముందు మెట్ల మీద రెండే జతల చెప్పులున్నాయి.

దీవిలో ఎవరూ చెప్పులతో కోయిల్లోకి పోరు. అందుకే ఆ మెట్ల మీద చెప్పులు కనబడితే ఎవరి కన్నూ వాటి మీద నిలవదు. పొద్దుటి నుంచి జనాన్ని రానివ్వలేదు కాబట్టి ఇవాళ రెండే జతలు. ఒకటి టైరు చెప్పులు, తడిగా ఉన్నాయి. రెండోది ఆడపిల్లవి. వేళ్ళు పట్టే చోట ఇసుక గట్టిపడి, మీద ఉప్పు తెల్లగా పేరుకొని ఉంది.

పద్మనాభ్ మెట్టు మీద కూలబడ్డాడు. ఎడమ కాలి చెప్పు చేతిలోకి తీసుకొని, తెగిన పట్టీకి నీలం నైలాను దారంతో వేసిన కుట్టును బొటనవేలితో తడిమాడు.

“స్టేషను ముందర కుట్టించినాము. కొత్తవి కొందాం పా అంటే, ఇవి మెత్తగా ఉండాయి నాయనా అన్నది.”

అలికిడికి తలుపు నీడలోంచి ఒక ముసలాయన బయటకు వచ్చాడు. చేతిలో స్టీలు క్యారియరు. బాలచంద్రను చూడగానే ఆ క్యారియరును వెనక్కి దాచుకోబోయాడు.

“రాజారత్నం నువ్వేనా?” అంది జయంతి.

“అవునమ్మా.”

“రంగప్రియ సోమవారం రాత్రి పడవలో పోయిందన్నావు.”

“అవునమ్మా. సంచి తగిలించుకొని పోయింది. నేనే రేవుదాకా పోయినాను.”

“ఒట్టికాళ్ళతో పోయిందా?”

రాజారత్నం చెప్పుల వంక చూశాడు. రోజూ ఆ పక్కనే తన చెప్పులు విడిచి లోపలికి పోతున్నాడు. రోజూ చూస్తూనే ఉన్నాడు. కోయిల్ ముందు చెప్పులుండటం వింత కాదు కాబట్టి, చూసీ చూడలేదు. ఇప్పుడు చూశాడు.

“ఆ క్యారియరు తెరువు.”

“నా కూడే అమ్మా.”

“తెరువు తాతా.”

పై గిన్నెలో పెసరపప్పు అన్నం. కింద గిన్నెలో పెరుగన్నం, అల్లం ముక్కలు, కరివేపాకు. జయంతి వంగి వాసన చూసింది. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు.

“నీ చేతులు చేప వాసన. నీ అంగీ చేప వాసన. ఈ దీవిలో గాలి కూడా చేప వాసనే. ఈ గిన్నెలో మాత్రం గుడి ప్రసాదం మాదిరి ఉండాది. ఎవరికి?”

“కడుపు బాగలేదమ్మా నాకు.”

“కడుపు బాగలేనోడు రెండు గిన్నెల కూడు మోసుకొని, ఇంకో గంటలో కూలిపోయే కోయిల్లోకి ఎందుకు పోతా ఉండావు?”

ముసలాయన కళ్ళు బాలచంద్ర వైపు, జయంతి వైపు, మళ్ళీ బాలచంద్ర వైపు కొట్టుకున్నాయి.

“అమ్మా... సారు రవ్వంత అవతల ఉంటే... నీతో ఒక మాట...”

“ఏం? నేనుంటే నీ నోట్లో ముత్యాలు రాలవా?” అన్నాడు బాలచంద్ర.

“భయపడొద్దు తాతా,” అంది జయంతి. “సారు నిన్ను కొట్టడు. నేను ఉండంగా కొట్టడు. ఏముండాదో ఆయన ముందరే చెప్పు. నీకే మంచిది.”

రాజారత్నం తల అడ్డంగా ఊపాడు. ఆ తరువాత ఏమడిగినా నోరు విప్పలేదు.

*

లోపల ఎత్తైన గోడలు, ఖాళీ నేల. బల్లలన్నీ ఎత్తుకుపోయారు. తూర్పు కొసన బలిపీఠం మీద ఖాళీ గూడు.

“ఈ గూట్లో ఏముండింది?”

“తల్లి అమ్మా,” అన్నాడు రాజారత్నం. ఆ ఒక్క మాట మాత్రం ఆపుకోలేక వచ్చింది.

పద్మనాభ్ చటుక్కున తిరిగాడు. “ఏమన్నావు?”

“తల్లి సామీ. మరియతల్లి. మేమందరం తల్లి అనే అంటాము. నిన్న షెడ్డుకు తీసకపోయినారు.”

“తల్లి మారిపోయింది,” అన్నాడు పద్మనాభ్. ఒక్కొక్క మాటా కొత్తగా నేర్చుకుంటున్నవాడిలా అన్నాడు.

జయంతికి ఇంట్లో గడప మీద కూర్చొని, మూడు రోజులుగా తన నోటిని తాను తిట్టుకుంటున్న వరదమ్మ గుర్తుకు వచ్చింది. ఆ పిల్ల చెప్పింది ఆ తల్లి గురించి కాదు.

“విగ్రహం మార్చినారు. అంతేనా తాతా?”

ముసలాయన ముఖం చిట్లిపోయింది. “పరంగి ఓడలో వచ్చిన నల్లమాను తల్లమ్మా. పండగనాడు నలుగురు మొగోళ్ళు మోసే తల్లి. నిన్న గురప్ప మనిషి ఒక్కడు, సంకలో పెట్టుకొని పోయినాడు. సొరకాయ మాదిరి సంకలో పెట్టుకొని పోయినాడు!”

అసలుది అమ్మేశారు. రంగు పూసిన బోలు బొమ్మ ఒకటి దాని చోట పెట్టారు. పాత కోయిల్ కూలిపోతే, పాత తల్లిని ఎవరు గుర్తు పెట్టుకుంటారు? గుర్తు పెట్టుకోగలిగినది ఒక్కతే. ఆమె చేతిలో కొలతలున్నాయి.

“గురప్పను నేను చూసుకుంటా,” అన్నాడు బాలచంద్ర కటువుగా. “ముందు పిల్లను కనుక్కో. టైము పోతా ఉండాది.”

ఆ మాట నిజమే. జయంతి బయటకు పరుగెత్తి, దక్షిణం గోడ వెంట నడిచింది. గవ్వల సున్నం పెచ్చులూడిన గోడ. ప్రతి కిటికీ కింద సుద్దముక్కతో గుండ్రని చేతిరాత. ద ఒకటి, ద రెండు. దక్షిణం కిటికీలు. తూర్పు కొసన ఆఖరిది, ద ఆరు. దానికి చెక్క తలుపు బిగించి ఉంది.

మళ్ళీ లోపలికి వచ్చింది. అదే చేతిరాత, అదే గోడ, లోపలివైపు. ద ఒకటి నుంచి ద అయిదు వరకు ఉంది. ఆ తరువాత బలిపీఠం పక్క గోడ వచ్చేసింది.

“ఆరోది ఏమైంది?”

“ఏం ఆరోది?” అన్నాడు బాలచంద్ర.

“బయట ఆరు కిటికీలు. లోపల అయిదు. మీ పాప కిటికీ లెక్క తప్పుతుందా స్వామీ?”

“ఆ పిల్ల చిన్నప్పుడు మెతుకులు లెక్కపెట్టి తినేదమ్మా,” అన్నాడు పద్మనాభ్. అతని కళ్ళలో మూడు రోజుల తరువాత మొదటిసారి ఏదో వెలిగింది. జయంతికి ఆ వెలుగును చూస్తే భయం వేసింది. ఆరిపోతే ఈ మనిషి మిగలడు.

బలిపీఠం పక్కన చిన్న తలుపు. పూజకు ముందు ఫాదరు అంగీలు మార్చుకొనే గది. కిటికీ లేదు. బయటి వెలుతురులోంచి వచ్చిన కళ్ళకు లోపల ఏమీ కనబడలేదు. జయంతి గడప దాటింది.

“నేల దిగుడుగా ఉండాది, చూసుకో,” అన్నాడు బాలచంద్ర వెనకనుంచి.

ఆమె కాలు జాగ్రత్తగా కిందికి దించింది. నిజంగానే ఒక మెట్టు పల్లం. పడేదే. “థాంక్స్,” అంది అలవాటుగా.

గది కొసన గోడను ఆనుకొని, మనిషి ఎత్తును మించిన టేకు బీరువా. రెండు రెక్కలూ తెరిచింది. చిలుకుకొయ్యలకు పాత తెల్లంగీలు. వాటిని పక్కకు నెట్టి వెనక పలక మీద వేళ్ళతో కొట్టింది. డొల్ల శబ్దం. పలక అంచున చెక్క నున్నగా అరిగి ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఎవరెవరో చేతులు పెట్టి లాగిన చోటు. పడవ దొంగలు వచ్చినప్పుడు కోయిల్ వెండిని దాచుకోవడానికి పరంగివాళ్ళు కట్టుకున్న దాపరికం అయి ఉండాలి.

“రంగా!” పద్మనాభ్ ఆ పలకకు ముఖం ఆనించాడు. “రంగా, నేనేనమ్మా. మీ నాయననే.”

ఏ చప్పుడూ లేదు.

“అమ్మ నిన్ను రావద్దనలేదే. అమ్మ పస్తుండాది. నువ్వొస్తేనే మెతుకు ముడతానంది. రంగా...”

గోడ లోపల, చాలా దగ్గరగా, ఎవరో వెక్కిన చప్పుడు.

పద్మనాభ్ నేల మీద కూర్చుండిపోయాడు. జయంతి తెల్లంగీలను పూర్తిగా పక్కకు తోసింది. బతికి ఉంది. ఎంతకాలం తరువాత, ఎన్ని ఇళ్ళలో చెప్పరాని వార్తలు చెప్పిన తరువాత, ఈ ఒక్క ఇంటికి మంచి మాట మోసుకుపోవచ్చు.

ఆమె పలక అంచు పట్టుకుంది. అప్పుడు రాజారత్నం ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

“వద్దమ్మా! తీయొద్దు! నీ బిడ్డనుకో, తీయొద్దు!”

“పిచ్చా నీకు? ఇంకో అరగంటలో గోడలు పడతాయి!”

“నేను దాటిస్తునమ్మా. ఎట్లోకట్ల దాటిస్తును. నీకు తెలీదమ్మా...”

“లేవయ్యా,” అన్నాడు బాలచంద్ర. ముసలాయన్ని రెక్క పట్టి పక్కకు లాగాడు.

జయంతి పలక లాగింది. ఉప్పు గాలీ, మూసిన గది వాసనా ఒక్కసారిగా ముఖాన కొట్టాయి. సందులాంటి గది. ద ఆరు కిటికీ చెక్కల నడుమనుంచి దారాల్లాంటి వెలుతురు. ఆ వెలుతురు కింద, మోకాళ్ళు కౌగిలించుకొని, పెదవులు పగిలి, రంగప్రియ.

“నాయనా,” అంది.

పద్మనాభ్ చేతులు చాచాడు. ఆమె ఆ చేతుల్లోకి రాబోయింది. సగం లేచి ఆగిపోయింది. ఆమె చూపు తండ్రి భుజం మీదుగా, జయంతి భుజం మీదుగా దాటి, గది గుమ్మం దగ్గర నిలిచింది.

“నాయనా,” అంది మళ్ళీ. ఈసారి ఆ గొంతులో ప్రాణం లేదు. “ఆయన్ని ఎందుకు తోడుకొచ్చినారు?”

“ఎవర్నమ్మా?”

“సోమవారం సాయంత్రం ఈ గదిలో, గురప్ప పక్కన, తల్లిని పెట్టెలో పెట్టిస్తా నిలబడినాడు. నన్ను చూసినాడు. తరుముకున్నాడు. ఫోను నీళ్ళలో పడిపోయింది. తాత నన్ను ఈడ దాచి, పడవలో పోయిందని అందరికీ చెప్పినాడు.”

నేల దిగుడుగా ఉండాది, చూసుకో.

కోయిల్లో అడుగు పెట్టిందే లేదన్నవాడికి, చీకటి గదిలో మెట్టు ఎట్లా తెలిసింది? తప్పిపోయిన పిల్ల కోసం సీఐ స్వయంగా శ్రీరంగం లాడ్జిలన్నీ ఎందుకు తిరిగాడు? అడిగిన వెంటనే బూట్లు ఎందుకు విప్పాడు? అన్నీ జయంతి కళ్ళ ముందే జరిగాయి, మెట్ల మీద చెప్పుల మాదిరిగా. ఆమె చూసింది. చూసీ చూడలేదు.

మూడు రోజులు ఆ పిల్లను బతికించింది తండ్రి తప్పుగా పట్టుకున్న ఒక్క మాట. ఆ తప్పును దిద్ది, వెతుకుతున్నవాణ్ణి చెయ్యి పట్టుకొని ఇక్కడికి తీసుకొచ్చింది తాను.

ఆమె గిరుక్కున తిరిగింది.

బాలచంద్ర అప్పటికే గడప అవతల ఉన్నాడు. చేతిలో తలుపు రెక్క. ముఖంలో కోపం లేదు, కంగారు లేదు. రెండు రాత్రుల నిద్ర బాకీ మాత్రం కనబడుతోంది.

“నువ్వు ఎప్పుడూ నాకంటే చురుకే జయంతీ,” అన్నాడు. “స్టేషన్లో కూడా అదే చెప్పేవాణ్ణి. వచ్చేటప్పుడు ముందరి రేవులో దిగినావా, వెనక దిగినావా? వెనకనే కదా. నువ్వు వచ్చింది చూసినోడు గురప్ప ఒక్కడే.”

ఆమె దూకింది. దిగుడు మెట్టు ఇప్పుడు ఎగుడు మెట్టు. కాలు తగిలి మోకాళ్ళ మీద పడింది. తలుపు మూసుకుంది. అవతల ఇనప గడియ బరువుగా పడిన చప్పుడు.

రాజారత్నం గోడకు నుదురు ఆనించి తల్లిని పిలుస్తున్నాడు. పద్మనాభ్ కూతుర్ని ఒడిలోకి లాక్కొని, రెండు చేతులతో ఆమె తల కప్పి ఉన్నాడు. మూడు రోజులు వెతికినవాడు, దొరికిన బిడ్డను ఇంక ఎవరికీ ఇవ్వనన్నట్టు.

జయంతి తలుపుకు భుజం వేసి కొట్టింది. కదలలేదు. వందల ఏళ్ళనాటి టేకు. కిటికీ వైపు పరుగెత్తి, ద ఆరు చెక్కల మీద గుద్దింది. “ఏకాంబరం!” అని అరిచింది. సరస్సు మీద గాలి హోరు. తడ నుంచి తిరుపతికి మాటలను తెంచి తెంచి మోసిన గాలే.

ఆ హోరులోంచి బాలచంద్ర గొంతు, చాలా మామూలుగా, బయటనుంచి వినబడింది.

“గురప్పా, లోపలంతా చూసినా. ఎవరూ లేరు. రెండుదాకా ఎందుకు, ఈ తూర్పు గోడతోనే మొదులుపెట్టు.”

ఇంజను గురగురమంది. పైకప్పు నుంచి గవ్వల సున్నం పొడి రాలి, పద్మనాభ్ తల మీద, చెరిగిపోయిన తిరునామం మీద, తెల్లగా పడింది.